పాటల దుకాణాల పటం: లండన్‌లో గ్రామఫోను రికార్డుల వెదుకులాట

వైద్యం చదివినవారు లండన్‌కు వెళ్ళినప్పుడు తప్పక చూసే చోటు ఒకటుంది. సోహో పేటలోని బ్రాడ్విక్ వీధిలో, కాలిబాట మీద, చేతిపిడి లేని నీటి పంపు ఒకటి నిలబడి ఉంటుంది. ఇది అసలు పంపు కాదు, దాని నమూనా. 1854లో ఈ వీధిలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఆ వ్యాధి గాలి వలన కాదు, నీటి వలన వస్తున్నదని చూపించింది ఇక్కడే. మా వృత్తిలోని వారికి ఇది ఒక పుణ్యక్షేత్రం వంటిది. చూడడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ తరువాత ఏం చేయాలో తోచదు.

నేను ఇంగ్లండ్ ఉత్తరాన పని చేస్తూ, ఏడాదికి రెండు మూడుసార్లు సమావేశాలకని లండన్ వెళుతుంటాను. పంపు చూసిన రోజున, మిగిలిన మధ్యాహ్నం ఎలా గడపాలా అనుకుంటూ అదే వీధిలో కొద్ది దూరం నడిస్తే ‘సౌండ్స్ ఆఫ్ ది యూనివర్స్’ అనే రికార్డుల దుకాణం కనబడింది. లోపల వరుసలు వరుసలుగా నల్లని ప్లేట్లు. ఒకరిద్దరు యువకులు వాటిని అట్టల అంచులు పట్టుకుని, లైబ్రరీ కార్డులు తిప్పినట్లు, చకచకా తిప్పుతున్నారు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు వచ్చే మైకుసెట్టువాడి చేతుల్లో తప్ప నేను ఆ వేగం ఎక్కడా చూడలేదు. ఆనాటి నుంచి, ఏ పెద్ద నగరానికి వెళ్ళినా ఇటువంటి సొంత దుకాణాలను వెదకడం నాకు అలవాటయింది. వెదకగా వెదకగా అర్థమయిన సంగతి ఏమిటంటే, స్నో కలరాకు వాడిన పద్ధతే ఇక్కడా పని చేస్తుంది. ఆ పద్ధతితో వెదికితే దుకాణాలు దొరుకుతాయి. మన పాట అక్కడ ఎందుకు లేదో, మరి ఎక్కడ ఉందో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసం దాని గురించి.

స్నో గీసిన పటం

1854 ఆగస్టు 31 రాత్రి బ్రాడ్ వీధిలో కలరా విజృంభించింది. బ్రాడ్విక్ వీధికి అప్పటి పేరు అది. కొద్ది వారాలలో ఆ చుట్టుపక్కల ఆరు వందల మందికి పైగా చనిపోయారు. స్నో ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎక్కడి నీళ్ళు తాగారో అడిగి తెలుసుకున్నాడు. సెప్టెంబరు 7న స్థానిక పారిష్ పెద్దలకు తన వాదన వినిపించాడు. మరునాడు వారు పంపు చేతిపిడిని తీయించారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా రాసుకున్నాడు. కనుక పిడి తీయడం వల్లనే కలరా ఆగిందనడం అతిశయోక్తి. ఆయన ఘనత ఆ తరువాత అచ్చువేసిన పటంలో ఉంది. ఒక్కొక్క చావుకు ఒక్కొక్క నల్లగీత చొప్పున, ఆయా ఇళ్ళ ముందు పేర్చి చూపించాడు.

ఆ పటాన్ని మూడు విధాలుగా చదవాలని మాకు పాఠం చెప్పేవారు. మొదటిది, గుంపు: గీతలు ఎక్కడ దట్టంగా ఉన్నాయి? అవి పంపు చుట్టూ ఉన్నాయి. రెండవది, గుంపు మధ్యలోని ఖాళీ: దగ్గరగా ఉండి కూడా ఎవరు తప్పించుకున్నారు? పక్కనున్న పోలండ్ వీధిలోని అనాథాశ్రమంలో 535 మంది ఉంటే అయిదుగురే చనిపోయారు. వారికి సొంత బావి ఉంది. బ్రాడ్ వీధిలోని బీరు కార్ఖానాలో సుమారు డెబ్బయి మంది పనివారుంటే ఎవరూ చావలేదు. వాళ్ళు పంపు నీళ్ళు తాగే అవసరమే రాలేదు. మూడవది, ఒంటరి గీత: అక్కడికి ఎంతో దూరంలో, హాంప్‌స్టెడ్‌లో, ఒక వితంతువు కలరాతో చనిపోయింది. ఆ ప్రాంతంలో మరెవరికీ కలరా లేదు. విచారిస్తే తేలిందేమంటే, ఆమె ఒకప్పుడు బ్రాడ్ వీధిలో కాపురమున్నది. ఆ నీటి రుచి మరవలేక, బండిలో రోజూ ఒక పెద్ద సీసాడు తెప్పించుకునేది. స్నో వాదనకు అన్నిటికంటె బలమైన సాక్ష్యం ఆమె చావే.

గుంపు, ఖాళీ, ఒంటరి గీత. ఈ మూడింటినీ పట్టుకుని ఇక రికార్డుల దుకాణాలకు వద్దాం.

గుంపు: దుకాణాలు ఒకదాని పక్కన ఒకటి ఎందుకుంటాయి

సొంత దుకాణం అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. గ్రామఫోన్ కంపెనీ 1921లో ఆక్స్‌ఫర్డ్ వీధిలో తెరిచిన హెచ్.ఎం.వి. దుకాణం వంటివి పెద్ద సంస్థల శాఖలు. అక్కడ ఏం అమ్మాలో కేంద్ర కార్యాలయం నిర్ణయిస్తుంది. సొంత దుకాణంలో ఆ నిర్ణయం గల్లాపెట్టె వెనుక కూర్చున్న మనిషిది. అతడి చెవి ఎటు మొగ్గితే దుకాణం అటు మొగ్గుతుంది. ఇలాంటి చాలా దుకాణాలలో కొత్త రికార్డులతో పాటు పాతవి కూడా ఉంటాయి. కొత్త రికార్డు మీద మిగిలే లాభం స్వల్పం. ఎవరో తెచ్చి అమ్మిన పాత పెట్టెలో దాగిన ఒక అపురూపమైన ప్లేటును గుర్తుపట్టడం మీదనే దుకాణం బతుకు ఆధారపడి ఉంటుంది.

పాత వస్తువుకు ఉన్న లక్షణం, ప్రతిదీ ఒక్కటే ఉండడం. ఒక దుకాణంలో లేనిది పక్క దుకాణంలో ఉండవచ్చు. కొనేవాడు ఒకచోట దొరకక పోతే నాలుగడుగులు వేసి మరొకచోట చూడగలగాలి. అందుచేత పోటీదారులే ఒకరికొకరు గిరాకీ తెచ్చిపెడతారు. హైదరాబాదులో కోఠీ పాత పుస్తకాల అంగళ్ళు, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు ఒకచోట చేరడానికి కారణం కూడా ఇదే. సోహోలో బెర్విక్ వీధి అటువంటిది. ‘రెక్‌లెస్ రికార్డ్స్’, ‘సిస్టర్ రే’ ఆ వీధిలోనివే. స్నో చెప్పిన అనాథాశ్రమం ఉండిన పోలండ్ వీధిలో నేడు ‘ఫోనికా’ అనే దుకాణం ఉంది. 1995లో వచ్చిన ఒయాసిస్ బృందపు రెండవ ఆల్బం అట్ట మీద ఉన్న వీధి బెర్విక్ వీధే. పటంలో వేలితో చూపితే ఇవన్నీ గోరంత మేర.

ఈ గుంపు ఇక్కడే ఏర్పడడానికి చరిత్ర ఉంది. పక్కనే డెన్మార్క్ వీధిలో పాటల స్వరాలు అచ్చువేసే ప్రచురణకర్తలుండేవారు. రాత్రిళ్ళు జాజ్ వాయించే రానీ స్కాట్స్ క్లబ్బు 1959లో జెరార్డ్ వీధిలో మొదలై, తరువాత ఫ్రిత్ వీధికి మారింది. ఛేరింగ్ క్రాస్ రోడ్డులో డోబెల్ కుటుంబానికి ఒక పాత పుస్తకాల షాపు ఉండేది. ఆ ఇంటి కుర్రవాడు 1946లో అందులోనే జాజ్ రికార్డులు అమ్మడం మొదలుపెట్టాడు. చివరికి అది లండన్ జాజ్ ప్రియులందరూ చేరే చోటయి, 1992లో మూతపడింది. వాయించేవారు, రాసేవారు, వినేవారు ఎక్కడుంటే అమ్మేవారూ అక్కడే చేరారు.

మూతపడడం ఈ వ్యాపారంలో మామూలు మాట. సీడీలు, ఆ తరువాత ఇంటర్నెట్టు వచ్చాక రికార్డు చచ్చిపోయిందనే అందరూ అనుకున్నారు. బ్రిటన్‌లో 2007లో ఏడాదికి రెండు లక్షల ఎల్.పి.లు మాత్రమే అమ్ముడయ్యాయి. 2021 నాటికి ఆ సంఖ్య యాభై లక్షలు దాటింది. మధ్యలో, 2008లో, సొంత దుకాణాలకు ఊపిరి పోయడానికి అమెరికాలో మొదలై ఇక్కడికీ పాకిన ‘రికార్డ్ స్టోర్ డే’ ప్రతి ఏప్రిల్‌లో ఒక శనివారం జరుగుతుంది. ఆ రోజున తెల్లవారుజాము నుంచే దుకాణాల ముందు వరుసలు కడతారు. కొత్తగా వెళ్ళేవారు ఆ ఒక్క రోజు మాత్రం వెళ్ళకపోవడం మంచిది. నిలబడి చూసే చోటు కూడా ఉండదు.

వలసల వెంట వెళ్ళిన దుకాణాలు

సోహో ఒక గుంపు మాత్రమే. లండన్ పటం మీద ఇంకా చాలా గుంపులున్నాయి. వాటికి కారణం క్లబ్బులు కావు, వలసలు.

టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో స్టెర్న్ అనే ఆయనకు కరెంటు సామాను దుకాణం ఉండేది. లండన్ విశ్వవిద్యాలయం పక్కనే. 1950లలో అక్కడ చదువుకునే పశ్చిమాఫ్రికా విద్యార్థులు ఆయన దగ్గరకు వచ్చేవారు. వారి ద్వారా ఆఫ్రికా రికార్డులు ఆ దుకాణం చేరాయి. బల్బులు, ఇస్త్రీపెట్టెల పక్కన నైజీరియా, ఘానా పాటలు అమ్మకానికి నిలిచాయి. 1983లో ఆయన విరమించుకున్నాక, ఆ పేరునే ఉంచుకుని కొందరు ఉత్సాహవంతులు ఆఫ్రికా రికార్డుల కోసమే దగ్గరలో మరో దుకాణం తెరిచారు. ఐరోపాలో ఆఫ్రికా సంగీతం వినేవారికి చాలాకాలం అదే పెద్ద దిక్కు.

1948 జూన్‌లో ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడ కరీబియన్ దీవుల నుంచి మనుషులను టిల్‌బరీ రేవులో దించింది. ఆ వలస కొనసాగి, బ్రిక్స్‌టన్, నాటింగ్ హిల్, షెపర్డ్స్ బుష్ పేటల్లో జమైకావారు స్థిరపడ్డారు. 1960లో జమైకా నుంచి వచ్చిన జార్జి ప్రైస్ అనే ఆయన తన దేశపు రికార్డులు తెప్పించి అమ్ముతూ, 1974లో షెపర్డ్స్ బుష్‌లోని ఆస్క్యూ రోడ్డులో దుకాణం తెరిచాడు. ఆయన ముద్దుపేరు మీదనే దానికి ‘పెకింగ్స్’ అని పేరు. తరువాత ఆయన కొడుకులు దానిని నడిపారు. అదే 1974లో నాటింగ్ హిల్ పక్కన ‘ఆనెస్ట్ జాన్స్’ మొదలయింది. 1976లో జెఫ్ ట్రావిస్ ‘రఫ్ ట్రేడ్’ తెరిచాడు. రెండేళ్ళకు అది రికార్డులు వేసే సంస్థగా కూడా మారింది. ఈ రెండింటిని నడిపినవారు కరీబియన్ వారు కారు. కాని ఆ పేటలో వినబడుతున్న రెగ్గే లేకుంటే ఆ దుకాణాలు ఆ రూపంలో ఉండేవి కావు.

పశ్చిమాన సౌతాల్ పంజాబీలది. అక్కడ 1977లో పుట్టిన ‘ఆలాప్’ బృందం పొలం పాటకు సింథసైజరు జోడించి బ్రిటన్ భాంగ్రాకు దారి వేసింది. దాని పాటలు ఆక్స్‌ఫర్డ్ వీధి షాపుల ద్వారా కాక, చీరల కొట్లు, మిఠాయి దుకాణాలు, కిరాణా షాపుల ద్వారా అమ్ముడుపోయేవి. అందువల్ల ఎంత అమ్ముడయినా దేశపు అధికారిక జాబితాలకు ఎక్కేవి కావని ఆ బృందాలవారు వాపోయేవారు. లెక్కపెట్టేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దానిని బట్టి లెక్క మారుతుందన్నది వైద్యులకు తెలిసిన సత్యమే.

కనుక కొత్త నగరంలో దుకాణాలు వెదకాలంటే, దుకాణాల జాబితాతో మొదలుపెట్టనక్కరలేదు. ఈ ఊరికి ఎవరు, ఎప్పుడు, ఎందుకు వచ్చారు, వచ్చి ఏ పేటలో ఉన్నారు అని అడగాలి. ఆ పేటకు వెళ్ళాలి. రికార్డుల కాలంలో వచ్చి ఒకచోట గుమిగూడిన వారికి దుకాణం ఉండి తీరుతుంది.

ఖాళీ: మన పాట ఎక్కడ?

ఇక రెండవ ప్రశ్న. గుంపు మధ్యలో ఖాళీ ఎవరిది? లండన్ దుకాణాల్లో ‘ఇండియా’ అని రాసిన అట్టముక్క వెనుక రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ ఉంటారు. ఆర్.డి. బర్మన్ హిందీ సినిమా పాటలుంటాయి. ‘తెలుగు’ అన్న అట్టముక్క ఇన్నేళ్ళలో నాకు ఒక్కచోట కూడా కనిపించలేదు.

ఇది వింతగా తోచింది. ఎందుకంటే గ్రామఫోను రికార్డుకూ లండన్‌కూ మన దేశానికీ ఉన్న బంధం చాలా పాతది. లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 చివర కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ ముద్రలు సముద్రం దాటి వెళ్ళి, జర్మనీలోని హానోవర్‌లో ప్లేట్లుగా మారి, మళ్ళీ మనకే అమ్మకానికి వచ్చేవి. 1907లో లండన్ పశ్చిమాన హేస్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీకి గాయని నెలీ మెల్బా శంకుస్థాపన చేసింది. మరుసటి ఏడు కలకత్తాలోనూ ఫ్యాక్టరీ వచ్చింది. ఆనాటి 78 వేగపు ప్లేటు చేసింది లక్కతో: లక్కలో రాతిపొడి, మసి కలిపి వేడిగా అచ్చుపోసేవారు. ఆ లక్క ప్రధానంగా మన దేశపు అడవుల నుంచే వెళ్ళేది. కారూసో పాడినా, మెల్బా పాడినా, ఆ గాడి చెక్కి ఉన్నది మన చెట్ల మీది పురుగు చేసిన జిగురు మీద. తెలుగు నాటకాల పద్యాలూ, సినిమా పాటలూ దశాబ్దాల తరబడి ఇటువంటి ప్లేట్ల మీదనే ఇంటింటికీ చేరాయి.

మరి లండన్‌లో తెలుగు గుంపు ఎందుకు లేదు? స్నో అనాథాశ్రమాన్ని గురించి అడిగినట్లే అడగాలి: వీరికి నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

1960లు, 70లలో బ్రిటన్‌కు వచ్చిన తెలుగువారిలో వైద్యులు చాలామంది. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు వైద్య కళాశాలల్లో చదివి వచ్చినవారు. ఇక్కడి ఆరోగ్య వ్యవస్థ వారికి ఇచ్చిన ఉద్యోగాలు ఇక్కడివారు పోనొల్లని చోట్లలోవి: వేల్స్ బొగ్గుగనుల లోయలు, లాంకషైర్ మిల్లు పట్నాలు, సముద్రపుటొడ్డు ఊళ్ళలోని వృద్ధుల ఆసుపత్రులు. ఊరికొక తెలుగు కుటుంబం, మహా అయితే రెండు. దుకాణం నిలవాలంటే ఒక పేటలో వందల ఇళ్ళు కావాలి. మాది పటం నిండా చల్లిన గీతల జాతి.

తెలుగువారు ఈ దేశానికి వేల సంఖ్యలో వచ్చింది 1990ల తరువాత, కంప్యూటరు ఉద్యోగాలకూ చదువులకూ. అప్పటికి రికార్డు పోయి కేసెట్టు వచ్చింది. కేసెట్టు కూడా పోవడానికి సిద్ధంగా ఉంది. మా తరం విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది: ఊళ్ళో రికార్డింగు సెంటరుకు వెళ్ళి, కావలసిన పాటల జాబితా రాసి ఇస్తే, షాపువాడు తన దగ్గరున్న ప్లేట్ల నుంచి అరవై నిమిషాల ఖాళీ కేసెట్టు మీదకు ఎక్కించి ఇచ్చేవాడు. విమానం ఎక్కేవాడి పెట్టెలో ఆ కేసెట్లుండేవి. ప్లేట్లు ఆ షాపులోనే ఉండిపోయాయి. అనాథాశ్రమానికి సొంత బావి ఉన్నట్లు, మాకు కేసెట్టు ఉంది. లండన్ దుకాణాలతో మాకు పనే పడలేదు.

మరో పేరు కింద దాగిన తెలుగు

అయినా వట్టి చేతులతో తిరిగి రావలసిన పని లేదు. తెలుగు అన్న పేరు లేదు కాని, తెలుగు ఉంది.

అమెరికాలోని నాన్‌సచ్ సంస్థ 1968లో రామనాడ్ కృష్ణన్ గారి కచేరీని ‘విద్వాన్’ అన్న పేరుతో విడుదల చేసింది. లండన్ దుకాణాల్లో ఆ వరుసలోని ఎల్.పి.లు తరచుగా కనిపిస్తాయి. అట్ట మీద ‘దక్షిణ భారత సంగీతం’ అని ఉంటుంది. దుకాణదారుకు తెలియని సంగతి, త్యాగరాజస్వామి కృతులు తెలుగన్నది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ అయిదు ఎల్.పి.ల సంపుటిలో అన్నమయ్య ఉన్నాడు. అది దొరికితే ‘మతం’ అన్న డబ్బాలో, క్రైస్తవ భక్తిగీతాల మధ్య దొరకవచ్చు.

కాబట్టి వెదికేవారికి నాలుగు మాటలు. చాలా దుకాణాలు పది, పదకొండు గంటలకు గాని తెరవవు. ముందుగా వేళలు చూసుకుని వెళ్ళాలి. ‘ఇండియా’ డబ్బా ఒక్కటే చూసి వెనుదిరగవద్దు. ‘వరల్డ్’, ‘సినిమా’, ‘మతం’ డబ్బాలు చూడాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఇంకా ధర వేయకుండా నేల మీద, బల్లల కింద పెట్టిన పెట్టెలు చూడాలి. వాటిని ముట్టుకునే ముందు అడగడం మర్యాద. అట్ట మీద తెలుగు అక్షరాలు లేకపోయినా, హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, ఏంజెల్ లేబుళ్ళ మీద కలకత్తా, డమ్‌డమ్ అన్న మాటలుంటే అది మన దేశంలో అచ్చయినది. చివరగా, గల్లా దగ్గరి మనిషిని, మీ దగ్గర లేనిది ఎవరి దగ్గర ఉంటుందని అడగాలి. సొంత దుకాణాలవారు పోటీదారుడి చిరునామా సంతోషంగా చెబుతారు. ఈ ఒక్క ప్రశ్నతో నేను కనుక్కున్నన్ని దుకాణాలు మరే విధంగానూ కనుక్కోలేదు.

రికార్డు స్థితిని తెలిపే పరిభాష ఒకటుంది. ‘మింట్’ అంటే ముట్టనిది. ‘నియర్ మింట్’ దాదాపు అంతే. ‘వెరీ గుడ్’ అంటే మాత్రం చాలా బాగుందని కాదు. గీతలున్నాయి, పాట మధ్యలో చిటపటలు వినబడతాయి అని. ‘గుడ్’ అంటే బాగా లేదని. ఆసుపత్రి భాషకు అలవాటుపడిన వారికి ఇది కొత్త కాదు. ‘పేషెంటు నిలకడగా ఉన్నారు’ అన్న మాటను మేమూ ఇలాగే వాడుతాము. ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని స్వయంగా చూడడమే మేలు. గోటికి తగిలే గీత ముల్లుకూ తగులుతుంది. 78 వేగపు ప్లేటు గాడి వెడల్పు. దానికి వేరే ముల్లు కావాలి, ఎల్.పి. ముల్లుతో వినకూడదు. వైద్యులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక: దుమ్ము తుడవడానికి చేతికి అందిన స్పిరిటు దూది వాడబోతారు. ఎల్.పి. సంగతి ఎలా ఉన్నా, 78 ప్లేటుకు అది విషం. లక్క స్పిరిటులో కరిగిపోతుంది. పాట కూడా దానితో పోతుంది.

ధర సంగతి ఆలోచింపజేస్తుంది. బీటిల్స్ పాటలు ఇంగ్లండ్‌లో 78 ప్లేట్లుగా అమ్మకానికి రాలేదు. కరెంటు లేని ఊళ్ళలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా వాడుకలో ఉన్నందువలన మన దేశంలో మాత్రం 1960ల నడుమ దాకా అలా వచ్చాయి. అందుచేత డమ్‌డమ్‌లో అచ్చయిన ప్లేట్లలో నేడు లండన్‌లో అద్దాల పెట్టెలో పెట్టి అమ్మేవి బీటిల్స్‌వే. అదే యంత్రం మీద, అదే లక్కతో అచ్చయిన తెలుగు ప్లేటు దొరికితే నేల మీది పెట్టెలో, ఒక పౌండుకు దొరుకుతుంది. కొనేవాడికి ఇది శుభవార్త. ఆ ప్లేటుకు కాదు. విలువ లేదనుకున్న ప్లేటును ఎవరూ దాచరు.

ఒంటరి గీత

చివరికి హాంప్‌స్టెడ్ వితంతువు దగ్గరకు వచ్చాము.

నాకు ఈ దేశంలో తెలుగు ప్లేట్లు ఎక్కువగా దొరికింది లండన్ దుకాణాల్లో కాదు. ఒక చిన్న పట్నంలో, ధర్మకార్యాలకు నిధుల కోసం పాత సామాను అమ్మే కొట్టులో. వాడిన కోట్లు, పింగాణీ కప్పుల మధ్య, ఒక అట్టపెట్టెలో పదకొండు ప్లేట్లు. అన్నీ చిన్నవి, 45 వేగపువి. పైన ఘంటసాల ‘పుష్పవిలాపం’. అట్ట వెనుక గుంటూరు షాపు రబ్బరు ముద్ర. దాని కింద నీలి సిరాతో, గుండ్రని తెలుగు అక్షరాలలో, ఒక పేరు. ఆ పేరు నాకు తెలుసు. ఆ ఊళ్ళో ముప్పయ్యేళ్ళకు పైగా ప్రాక్టీసు చేసిన డాక్టరుగారిది. ఒకటి రెండుసార్లు తెలుగు సభల్లో కలిసి, ‘ఏమయ్యా, మీది ఏ బ్యాచి?’ అని అడిగారు. ఆయన పోయి అప్పటికి అయిదు నెలలు.

పదకొండింటికీ కలిపి అయిదున్నర పౌండ్లు ఇచ్చాను. తరువాత వారబ్బాయికి ఫోను చేశాను. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, తండ్రి మీద ఎంతో ప్రేమ ఉన్నవాడు. ఇల్లు అమ్మవలసి వచ్చి, సామాను తీసేసే మనుషులను పిలిపించానని చెప్పాడు. రెండు రోజుల్లో ఖాళీ చేయాలి. పుస్తకాలు, ప్లేట్లు అన్నీ వెళ్ళాయి. ‘అవి తెలుగని నాకు తెలియదు అంకుల్. నాన్న సంతకం ఇంగ్లీషులో అయితే గుర్తుపట్టేవాడిని’ అన్నాడు.

ఆయనను నేను తప్పు పట్టలేదు. పట్టే హక్కు నాకు లేదు. నా పిల్లలకు కూడా ఆ అక్షరాలు బొమ్మలే. ఈ ఫోను తరువాత, స్నో పటం నాకు వేరుగా కనబడింది. ఒంటరి గీత పొరపాటు కాదు. పాత పేట నీళ్ళ రుచి మరవలేక సీసాడు తెప్పించుకున్న మనిషి ఆనవాలు అది. బ్రిటన్ నిండా ఇటువంటి గీతలు వందలున్నాయి. గని లోయల్లో, మిల్లు ఊళ్ళలో, సముద్రపుటొడ్డున, ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పెట్టె. ఆ తరం వారికి ఇప్పుడు ఎనభై దాటుతున్నాయి. ఆ ఇళ్ళు ఒక్కొక్కటిగా రెండు రోజుల్లో ఖాళీ అవుతున్నాయి. ఇతర జాతుల ప్లేట్లను దుకాణాలు కాపాడాయి: తెలిసిన మనిషి గల్లా వెనుక ఉండి, ఇది ఏమిటో గుర్తుపట్టి, పక్కన పెట్టి, విలువ కట్టాడు. మనకు ఆ మనిషి లేడు.

లేనివాడి పని మనమే కొంత చేయవచ్చు. ఇంట్లో ప్లేట్లున్నవారు ప్రతి అట్ట లోపలా ఒక కాగితం మీద పాట ఏది, పాడినవారు ఎవరు, ఎక్కడ ఎప్పుడు కొన్నారు అన్నది ఇంగ్లీషులో కూడా రాసి ఉంచాలి. తెలుగు రాని కొడుకూ కోడలూ చదవగలగాలి. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చక, నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి. వీలయినవారు వాటిలోని పాటను కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. అయితే ఎక్కించిన తరువాత ప్లేటును పారేయకూడదు, లేబులూ ముద్రా రాతా కూడా చరిత్రే. ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే, సామాను మనుషులకు ఫోను చేసే ముందు దగ్గరి తెలుగు సంఘానికి ఒక ఫోను చేయాలి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ వారి ధ్వని భాండాగారంలో అరవై లక్షలకు పైగా రికార్డింగులున్నాయి. అపురూపమైనదని తోచినదాన్ని గురించి వారిని అడగవచ్చు. ఎవరూ తీసుకోకపోతే, సోహోలోనో నాటింగ్ హిల్‌లోనో ఒక సొంత దుకాణానికి తీసుకువెళ్ళి, ఇవి తెలుగు అని చెప్పి ఇవ్వాలి. వారికి తెలియదు కాని, చెబితే వింటారు. వినడమే వారి వృత్తి.

ఆ పదకొండు ప్లేట్లనూ శుభ్రం చేసి, డాక్టరుగారి అబ్బాయికి తిరిగి ఇచ్చాను. ఆయన దగ్గర ప్లేయరు లేదు. బ్రాడ్విక్ వీధి చుట్టుపక్కల దుకాణాల పేర్లు రాసిచ్చి, ఎలాంటి ప్లేయరు కొనాలో అక్కడ అడగమన్నాను. నెల తిరక్క ముందే ఫోను వచ్చింది. వెనుక ఘంటసాల గొంతు వినబడుతోంది, మధ్యలో చిటపటలు. ‘ఇందులో ఏమంటున్నారు అంకుల్?’ అని అడిగాడు. కోయబోయిన మనిషితో పూలు మాట్లాడుతున్నాయని చెప్పాను. ‘ఒక్క నిమిషం ఉండండి, మళ్ళీ మొదటి నుంచి పెడతాను, ఒక్కొక్క మాటా చెప్పండి’ అన్నాడు. కాగితం తెచ్చుకుంటున్న చప్పుడు వినబడింది.